పద్మనాభం కొండ కింద 309 మంది

1794 జూలై 10న తెల్లవారుజామున మొదలైన పద్మనాభం యుద్ధం ముప్పావు గంటలో ముగిసింది. ఒకవైపు లెఫ్టినెంట్ కర్నల్ ప్రెండర్‌గాస్ట్ వెంట వచ్చిన ఈస్టిండియా కంపెనీ సిపాయిలు. ఎదురుగా విజయనగరం రాజు చిన విజయరామరాజు, ఆయన వెంట చేరిన సుమారు 4 వేల మంది. పొద్దెక్కేసరికి కంపెనీ వైపు 13 మంది చనిపోయి, 61 మంది గాయపడ్డారు. రాజు వైపు 309 మంది చనిపోయారు. రాజుగారూ బతకలేదు.

నిమిషానికి దాదాపు ఏడుగురన్నమాట. పారిపోయే వీల్లేని చోటేమీ కాదది. కొండ కింద నేల చదునుగా ఉంటుంది, దగ్గర్లో గోస్తనీ నది. ఇటు పోతే విజయనగరం, అటు పోతే భీమునిపట్నం. వచ్చిన 4 వేల మందిలో ఎక్కువమంది చెదిరిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. నిలబడ్డవాళ్లు పోయారు. నిలబడ్డవాళ్లలో అధికులు రాజుగారి బంధువులు, సర్దార్లు, ఆయన కులంవాళ్లే అయిన రాజులు. ఆయన పడిన చోటు చుట్టూరానే వాళ్లూ పడ్డారు.

ఈ అంకెల్లో ఒక వెలితి ఉంది. కంపెనీ వైపు చావులూ ఉన్నాయి, గాయాలూ ఉన్నాయి. రాజు వైపు చావులు మాత్రమే ఉన్నాయి. 309 మంది చనిపోయిన చోట దెబ్బలు తిన్నవాళ్లు ఇంకెందరుండాలి? వాళ్లు ఏ పొలం గట్ల వెంట దేక్కుంటూ ఏ ఊరు చేరారో, వాళ్లలో ఎందరు వారం తిరక్కుండా పోయారో ఆ లెక్కలోకి రాలేదు. యుద్ధభూమి గెలిచినవాడి చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ మిగిలిన శవాలను గెలిచినవాడే లెక్కపెట్టాడు. నడిచి వెళ్లిపోయినవాళ్లతో వాడికి పని లేదు.

కంపెనీ తనవాళ్ల చావును అంత జాగ్రత్తగా రాసుకోవడానికి జీతాల పుస్తకమే ముఖ్య కారణం. కంపెనీ సిపాయికి హాజరు పట్టీ ఉంది, నెలజీతం ఉంది, ఇచ్చిన తుపాకీకి లెక్క ఉంది. పోరు ముగియగానే చచ్చినవాళ్లెవరు, గాయపడ్డవాళ్లెవరు, కనిపించనివాళ్లెవరు అని పట్టీ తయారుచేయాలి. చచ్చినవాడి పేరు కొట్టేయాలి, ఖాళీలోకి కొత్తవాణ్ణి తీసుకోవాలి. 13, 61 అనే అంకెలు అలా పుట్టినవి.

జమీందారు సేన నడిచే తీరే వేరు. రాజు తన దాయాదులకూ దొరలకూ మొఖాసాలిస్తాడు. ఊరి మీద వచ్చే ఆదాయం తిని, కబురొచ్చినప్పుడు మొఖాసాదారు తన బంట్లను వెంటబెట్టుకుని రావాలి. ఆ బంటు ఎవరో మొఖాసాదారుకు తెలుసు, ఊరికి తెలుసు. కోటలో కూర్చున్న రాయసగాడికి తెలియనక్కర్లేదు. వాడు చనిపోతే ఆ సంగతి కాగితంలోకి కాదు, ఇంట్లోకి వెళుతుంది. ఉత్తరాంధ్రలో ఆ శతాబ్దంలో జరిగిన యుద్ధాల్లో చచ్చినవాళ్ల సంఖ్య కోసం వెతికితే ఒకవైపు ఒకట్లతో సహా దొరుకుతుంది, రెండోవైపు వేలల్లోకో మౌనంలోకో జారిపోతుంది. పద్మనాభంలో 309 అనే అంకె మిగలడమే ఒక మినహాయింపు.

పద్మనాభానికి 37 ఏళ్ల ముందు, 1757 జనవరి 24న, ఉత్తరాంధ్రలోనే బొబ్బిలి కోట పడింది. అక్కడ ఎందరు చనిపోయారు? తెలుగునాట ఆ యుద్ధం పేరు వినని వాళ్లుండరు. దిట్టకవి నారాయణకవి దాని మీద ‘రంగరాయ చరిత్రము’ రాశాడు, జంగం కథలవాళ్లు ఊరూరా తెల్లవార్లూ పాడారు, 1964లో ఎన్టీ రామారావు కథానాయకుడిగా సినిమా వచ్చింది. చచ్చినవాళ్ల సంఖ్య మాత్రం వీటిలో వెతికినా ప్రయోజనం లేదు.

గొడవ మొదట చెరువుల కింద, పొలాల గట్ల మీద మొదలైంది. విజయనగరం పూసపాటివారు క్షత్రియులు, బొబ్బిలివారు వెలమలు. పక్కపక్క సీమలు, వాగు నీటి కోసం తరచూ తగాదాలు. ఇంతలో హైదరాబాదు నిజాం ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు అప్పజెప్పాడు. వసూళ్లకు వాళ్ల సేనాపతి బుస్సీ సేనతో బయల్దేరాడు. విజయనగరం పెద విజయరామరాజు ముందుగా వెళ్లి అతన్ని మంచి చేసుకున్నాడు. బొబ్బిలి రంగారావు వెళ్లలేదు. బొబ్బిలి వదులుకుంటే అంతకంటే ఎక్కువ ఆదాయమున్న భూములు వేరేచోట ఇస్తానని బుస్సీ చెప్పి చూశాడు. తాతలనాటి చోటు వదలడం రంగారావుకు కుదరని పని.

బొబ్బిలిది మట్టి కోట, నాలుగు బురుజులు. తెల్లవారగానే ఫిరంగులు మోగాయి. కాస్త పొద్దెక్కాక ఫ్రెంచివాళ్లూ విజయనగరం బలగమూ గోడలెక్కే ప్రయత్నం మొదలుపెట్టారు. ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే పైనుంచి కిందికి నెట్టారు. గంటల తరబడి ఇదే వరస. బురుజు బద్దలైన చోట కూడా లోపలివాళ్లు దారివ్వలేదు. మధ్యాహ్నానికి కాపలా మనుషులు పలచబడ్డారు. ఇక నిలవదని రంగారావుకు అర్థమైంది.

ఆ తర్వాతి సంగతి మనకు ముఖ్యంగా రాబర్ట్ ఓర్మ్ పుస్తకం నుంచి వచ్చింది. మద్రాసు కౌన్సిల్లో సభ్యుడిగా పనిచేసిన ఇంగ్లిషువాడు ఆయన. తన చరిత్రలో రెండో సంపుటాన్ని 1778లో అచ్చేశాడు. కళ్లారా చూసి రాసింది కాదు, తెలిసినవాళ్లను అడిగి రాసింది. ఆయన చెప్పిన ప్రకారం రంగారావు తన ముఖ్యులను పిలిచి, ఆడవాళ్లూ పిల్లలూ శత్రువు చేతిలో పడకూడదని నిర్ణయం చేశాడు. కొందరు కాగడాలూ ఈటెలూ బాకులూ పట్టుకుని కోట నడుమ ఉన్న ఇళ్ల వైపు వెళ్లారు. ఇళ్లకు నిప్పంటించారు. మంటల్లోంచి బయటికి రాబోయినవాళ్లను పొడిచి చంపారు. పని ముగించుకుని మళ్లీ గోడల మీదికి వెళ్లి, చచ్చేదాకా పోరాడారు. రంగారావు తుపాకీ గుండు తగిలి పడిపోయాడు. కోటలో అడుగుపెట్టిన ఫ్రెంచి సైనికులు నోట మాట రాక నిలబడిపోయారని ఓర్మ్ రాశాడు.

కథల్లో ఇది ఆత్మార్పణం. రాణి మల్లమ్మ దేవి తానే కోరి ప్రాణాలు వదిలిందని పాటకులు పాడితే జనం కళ్లు తుడుచుకున్నారు. ఓర్మ్ రాతను పక్కన పెట్టి చదివితే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. తప్పించుకోబోయినవాళ్లను పొడిచారంటే, తప్పించుకోవాలనుకున్నవాళ్లు ఉన్నారనే కదా. వాళ్లనెవరూ అడగలేదు. పౌరుషం గురించి అంత పాడుకున్న జాతి ఈ ఒక్క వాక్యం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. సేనాపతుల పట్టీల్లోనూ వీళ్లకు చోటు లేదు. ఫ్రెంచివాళ్లు చంపలేదు కాబట్టి వాళ్లు చెప్పుకోలేదు. బొబ్బిలివాళ్లు చంపింది శత్రువును కాదు కాబట్టి వాళ్లూ చెప్పుకోలేదు. యుద్ధంలో చచ్చారు గానీ ఏ పక్షం నష్టంలోనూ చేరలేదు.

మూడు రాత్రుల తర్వాత రాజాం నుంచి వచ్చిన రంగారావు పక్షం వీరుడు తాండ్ర పాపారాయుడూ అతని మనుషులూ పెద విజయరామరాజు డేరాలో చొరబడి ఆయన్ని పొడిచి చంపారు. శత్రువు తన దారిన వస్తాడని రాజాం దగ్గర బలగంతో కాచుకుని ఉన్న పాపారాయుడికి కోట పడిన సంగతి ఆలస్యంగా తెలిసింది. రాజుగారి ఒంటి మీద 32 గాయాలున్నాయట. బొబ్బిలి యుద్ధం మొత్తంలో కచ్చితంగా లెక్కపెట్టింది ఇదొక్కటే: ఒక్క శవం మీది కత్తిపోట్లు.

పెద విజయరామరాజు చావుతో ఆటలోకి ఇంగ్లిషువాళ్లు వచ్చారు. వారసుడు ఆనంద గజపతిరాజుకు బుస్సీ మీద గుర్రుగా ఉంది. 1758లో బుస్సీ దక్షిణానికి వెళ్లగానే ఆయన విశాఖపట్నంలోని ఫ్రెంచి స్థావరాన్ని పట్టుకుని, వచ్చి తీసుకోండని ఇంగ్లిషువాళ్లకు కబురు పెట్టాడు. మద్రాసువాళ్లు పట్టించుకోలేదు. కలకత్తా నుంచి క్లైవ్ మాత్రం కర్నల్ ఫోర్డ్‌ను సేనతో ఓడ ఎక్కించాడు. ఒప్పందం ప్రకారం సేన ఖర్చుకు నెలకు 50 వేలు, అధికారులకు విడిగా 6 వేలు రాజుగారు ఇవ్వాలి. గెలిచిన చోట్లలో లోపలి సీమలు రాజుగారివి, సముద్రపు ఒడ్డు కంపెనీది. ఆనందరాజు అప్పటికి ఇది లాభసాటి బేరమే అనుకుని ఉంటాడు.

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో రెండు సేనలూ తలపడ్డాయి. ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్స్‌కు సిపాయిలు 6 వేల మంది, ఫోర్డ్‌కు 2 వేలకు లోపే. తెల్లవాళ్లు రెండువైపులా ఇంచుమించు 500 చొప్పున. ఫోర్డ్ తన తెల్ల దళాన్ని నిలువెత్తు పైరు వెనక ఉంచాడు. పక్కన కనిపిస్తున్న సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. ఎర్రకోటు కనిపిస్తే తెల్లవాడే అనుకున్నారు ఫ్రెంచివాళ్లు. బలమంతా ఆ సిపాయిల మీదికి తిప్పారు. సిపాయిలు దెబ్బ తిని వెనక్కి తగ్గారు. అప్పుడు పైరు చాటునుంచి అసలు తెల్ల దళం బయటికొచ్చి ఫ్రెంచివాళ్ల పక్కలో కాల్చింది. అంతే, కాన్‌ఫ్లాన్స్ గుర్రం రాజమహేంద్రవరం దాకా ఆగలేదు.

ఆనందరాజు తెచ్చిన 5 వేల మంది ఎండిపోయిన చెరువు గోతిలో నక్కి కూర్చున్నారని ఇంగ్లిషు చరిత్రకారులు ఎద్దేవా చేశారు. చేతిలో విల్లులూ ఈటెలూ ఉన్నవాడు, రెండు యూరపు సేనలు వరసలు కట్టి కాల్చుకుంటున్న చోట గోతిలో కూర్చోవడం తెలివితక్కువ పనేమీ కాదు. వాళ్లది కాని యుద్ధం అది.

1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ మచిలీపట్నం కోట మీద పడ్డాడు. తెల్లారేసరికి కోట లొంగింది. పట్టుకున్నవాళ్ల సంఖ్య పట్టుబడ్డవాళ్ల సంఖ్య కంటే తక్కువ. ఈ దాడిలో ఇంగ్లిషువాళ్ల నష్టం పుస్తకాల్లో ఇలా ఉంటుంది: తెల్లవాళ్లలో 22 మంది చచ్చారు, 62 మంది గాయపడ్డారు, సిపాయిల్లో 50 మంది చచ్చారు, 150 మంది గాయపడ్డారు. ఈ నాలుగు అంకెలను ఒకసారి వరసగా చూడాలి. 22, 62 అనేవి ఒక్కొక్కరినీ చూసి వేసిన లెక్కలు. 50, 150 అనేవి చూపుమేర అంచనాల్లా ఉన్నాయి. ఒకే గోడ ఎక్కారు, ఒకే కందకంలో పడ్డారు. ఒకరిని వేళ్ల మీద లెక్కపెట్టారు, ఇంకొకరిని యాభైల్లో. పైగా తెల్లవాళ్లలో పేరుతో సహా మిగిలినవాడూ ఉన్నాడు. కెప్టెన్ క్యాలెండర్ అనే అధికారి దాడికి ముందు ఎక్కడికో మాయమై, చివరి ఘడియలో ఎక్కణ్ణుంచో ప్రత్యక్షమై, తన దళం ముందు నిలబడగానే గుండు తగిలి పోయాడు. ఆ విచిత్రాన్ని రాయడానికి పుస్తకాల్లో చోటు దొరికింది. ఆ 50 మందిలో ఒక్క సిపాయి పేరు రాయడానికి దొరకలేదు.

ఈ తేడా చాలాకాలం నడిచింది. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిలను ఓడ ఎక్కించి, హైదరాలీ మీద యుద్ధానికి మద్రాసు తీసుకుపోవాలని చూశారు. సముద్రం దాటి పరాయి సీమలో చావడానికి తాము కొలువులో చేరలేదని సిపాయిలు ఎదురు తిరిగి కాల్పులు జరిపారు. ఆనాడు చనిపోయిన తెల్లవాళ్లకు ఊళ్లో సమాధులున్నాయి. మన్యంలో 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో అల్లూరి సీతారామరాజు దళం మాటువేసి, ముందు నడుస్తున్న దేశీయ పోలీసులను పోనిచ్చి, వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లిషు అధికారులను కాల్చింది. వాళ్లిద్దరి సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఎవరి చావు సర్కారుకు ఎక్కువ లెక్కో మన్యంవాళ్లకు అప్పటికి బాగా తెలుసు. దామనపల్లిలో తుపాకీ ఎటు తిప్పాలో ఆ తెలివిడే చెప్పింది.

మళ్లీ విజయనగరానికి వద్దాం. ఆనందరాజు గెలుపును ఎంతోకాలం అనుభవించలేదు. 1760లో మశూచితో పోయాడు. కోటలో పెద్ద దిక్కు లేదు. పెద విజయరామరాజు భార్య ఒక కుర్రవాణ్ణి దత్తు తీసుకుంది. ఆ కుర్రవాడే పద్మనాభంలో చనిపోబోయే చిన విజయరామరాజు. పెత్తనమంతా అన్న సీతారామరాజు చేతిలో ఉండేది. చుట్టుపక్కల జమీందారులందరినీ లొంగదీసి, శ్రీకాకుళం సీమ నుంచి గోదావరి దాకా తన మాట చెల్లించుకున్న గట్టి దివాను. ఆయన చేయి మద్రాసు దాకా పొడవు. గవర్నరు రంబోల్డ్ ఆయన దగ్గర లంచం పుచ్చుకున్నాడన్న ఆరోపణ బ్రిటిష్ పార్లమెంటులో విచారణ దాకా వెళ్లింది.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, మరుసటి ఏడాది నిజాంతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీవి అయ్యాయి. ఒకప్పుడు ఆనందరాజు నెలకు 50 వేలిచ్చి తెచ్చుకున్న సేనకు ఇప్పుడు ఆయన వారసులు పేష్కష్ (కప్పం) కట్టాలి. మొదట ఏడాదికి 3 లక్షలు. తర్వాత పెరుగుతూ పోయింది. దాంతోపాటు ఇంకో మాట వచ్చింది: మీకు ఇంత సేన ఎందుకు? కంపెనీ ఉండగా మిమ్మల్ని కొట్టేదెవరు? పైకి సబబుగానే కనిపించే ప్రశ్న. సేన లేని జమీందారు వట్టి శిస్తు వసూలుదారు. అది మద్రాసుకూ తెలుసు, విజయనగరానికీ తెలుసు. సేన అంటే మొఖాసాదారులు, మొఖాసాదారులంటే దాయాదులు. వాళ్లను పంపేస్తే రాజుకు చుట్టమంటూ మిగలడు.

బకాయి ఎనిమిదిన్నర లక్షలని తేల్చారు. 1793 ఆగస్టులో కంపెనీ సేన విజయనగరం కోటను చేతిలోకి తీసుకుంది. జమీందారీని జప్తు చేశారు. సీతారామరాజును మద్రాసు పంపేశారు. విజయరామరాజును కూడా మద్రాసు వెళ్లి ఉండమన్నారు, నెలకు 1,200 రూపాయల భత్యం మీద. లక్షల రాబడిని పాలించిన మనిషికి అది చేతిఖర్చు. పైగా మద్రాసు వెళ్లినవాళ్లు తిరిగి రావడం మద్రాసువాళ్ల దయ మీద ఉంటుంది. సీతారామరాజు వెళ్లి ఏమయ్యాడో తమ్ముడు చూస్తూనే ఉన్నాడు.

విజయరామరాజు బయల్దేరాడు, పద్మనాభం దాకా వచ్చి ఆగిపోయాడు. కొండ మీద అనంతపద్మనాభస్వామి గుడి, ఎక్కాలంటే వెయ్యికి పైగా మెట్లు. కొండ కింద కుంతీమాధవస్వామి గుడి. మద్రాసు దారిలో ఇది మజిలీ కానే కాదు. రాజు ఆగాడని తెలియగానే జనం చేరసాగారు. మొఖాసాలు పోయిన రాజులు, కొలువు పోయిన బంట్లు, నెలల తరబడి జీతం లేని సిపాయిలు. రోజురోజుకూ గుంపు పెరిగింది. ముందుకు కదలమని కంపెనీవాళ్లు కబుర్లు పంపారు. రాజు కదల్లేదు. యుద్ధం ఆయన కోరుకున్నాడా, బేరానికి ఇంకా ఆశ ఉందని కూర్చున్నాడా అనే దాని మీద చరిత్రకారులు తలో మాటా అంటారు. గెలుస్తానని మాత్రం ఆయన అనుకుని ఉండడు. ముప్పై అయిదేళ్లకు పైగా కంపెనీ సేన పక్కన నిలబడి దాన్ని చూసిన ఇల్లు అది. వరసకట్టి ఒకేసారి కాల్చే సిపాయిల ముందు కత్తీ డాలూ ఎంతసేపు నిలుస్తాయో చందుర్తి నాటి నుంచీ ఎరిగిన ఇల్లు.

ఎరిగీ నిలబడ్డారు. చందుర్తిలో చెరువు గోతిలో కూర్చున్నారని నవ్వించుకున్న వంశం సేనే ఇది. ఈసారి యుద్ధం వాళ్లది.

కంపెనీ వైపు పడిన ఆ 13 మంది మాటేమిటి? వాళ్లూ ఈ గడ్డ మీది సిపాయిలే. మద్రాసు సేనలోని సర్కారు దళాల్లో తెలుగువాళ్లు బాగా ఉండేవారు. విజయనగరం కొలువులో బంటుగా ఉండాల్సిన కుర్రవాడు నెలజీతం కోసం కంపెనీ పట్టీలో చేరి ఉండవచ్చు. ఒకే తాలూకా నుంచి వచ్చిన ఇద్దరు ఒకరికొకరు ఎదురుపడి ఉండవచ్చు. స్మారకాల దగ్గర ప్రసంగించేవాళ్లు ఈ 13 మందిని దాటేస్తారు. వాళ్లను ఏ లెక్కలో వేయాలో ఎవరికీ తోచదు.

బొబ్బిలికి కథ దొరికినట్టు పద్మనాభానికి దొరకలేదు. ఇక్కడ కూడా రాజు పోయాడు, ఆయన చుట్టూ అయినవాళ్లంతా పోయారు, తెల్లవాడి మీద తిరగబడి మరీ పోయారు. అయినా ఊరూరా పాటగా తిరగలేదు. బొబ్బిలి కథలో పగ తీర్చే పాపారాయుడున్నాడు. రాత్రి డేరాలోకి దూకే ఘట్టం కోసం జనం తెల్లవార్లూ కూర్చునేవారు. పద్మనాభంలో పగ తీర్చినవాడు లేడు. పైగా బొబ్బిలి కథలో చెడ్డవాడు విజయనగరం రాజు. ఆ వంశం మీదే అంత గట్టి కథ పాతుకుపోయిన సీమలో అదే వంశపు మరో రాజును వీరుడిగా పాడటం పాటకుడికి తేలిక కాదు. ఏ ఊళ్లో కథ చెప్పినా ముందు వరసలో కూర్చునేది వెలమ దొరో రాజుల దొరో. చూసుకుని పాడాలి.

యుద్ధం పద్మనాభంతో ఆగలేదు, కొండలెక్కింది. రాజుగారి కొడుకు నారాయణబాబు చిన్నవాడు. అతన్ని తీసుకుని అయినవాళ్లు కాశీపురం వైపు కొండల్లోకి వెళ్లిపోయారు. కొండ జమీందార్లు ఆ పిల్లవాణ్ణి అడ్డం పెట్టుకుని శిస్తు వసూళ్లు సాగనివ్వలేదు. కంపెనీ మనుషులు ఊళ్లోకి వెళితే రైతు లేడు, ధాన్యం లేదు. కొన్ని నెలల్లోనే మద్రాసువాళ్లకు విషయం అర్థమైంది: ముప్పావు గంటలో గెలిచిన యుద్ధానికి మన్యం అడవుల్లో ఏళ్ల తరబడి ఖర్చు పెట్టాలి. కొత్తగా గవర్నరై వచ్చిన లార్డ్ హోబార్ట్ హయాంలో రాజీ కుదిరింది. నారాయణబాబుకు జమీందారీ తిరిగి ఇచ్చారు, బాగా కత్తిరించి. సీతారామరాజు లొంగదీసిన జమీందారులను విజయనగరం పట్టునుంచి విడదీసి నేరుగా కంపెనీ కిందికి తెచ్చారు. 1802 శాశ్వత పరిష్కారంలో విజయనగరం పేష్కష్ ఏడాదికి 5 లక్షలుగా ఖాయమైంది. నారాయణబాబు పెద్దవాడై, అప్పుల్లో మునిగి, జమీందారీని కంపెనీ అజమాయిషీలో వదిలి కాశీలో ఉండిపోయాడు. 1845లో అక్కడే పోయాడు.

విజయనగరాన్ని అలా తగ్గించేటప్పుడు కంపెనీ వెతికి తెచ్చుకున్న మనిషి ఒకడున్నాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట మండుతున్నప్పుడు ఒక ముసలివాడు ఒక పిల్లవాణ్ణి చేయి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చి, లా అనే ఫ్రెంచి అధికారికి అప్పజెప్పాడు. రంగారావు కొడుకు, తండ్రి మాట కాదని కాపాడాను అన్నాడు. ఆ కోటలో చంపడానికి ఎంచిన పిల్లల్లో బతికి బయటపడ్డవాడు చిన రంగారావు. బొబ్బిలికి బదులుగా తండ్రికి ఇవ్వజూపిన భూములను బుస్సీ అతనికి రాసిచ్చాడు గానీ నిలవలేదు. పెరిగి పెద్దయ్యాక విజయనగరంవాళ్లకు చిక్కి, వాళ్ల కోటలోనే ఏళ్ల తరబడి ఖైదులో గడిపాడు. 1790లో తప్పించుకుని నిజాం రాజ్యానికి పారిపోయాడు. పద్మనాభం యుద్ధం జరిగిన 1794లోనే కంపెనీ కలెక్టరు అతన్ని వెనక్కి పిలిపించి బొబ్బిలిని అప్పగించాడు. ఆ తర్వాత ఆయన కొడుకు హయాంలో, 1801లో, బొబ్బిలి పేష్కష్ ఏడాదికి 90 వేల రూపాయలుగా స్థిరపడింది. పాత కోట ఉన్న చోట స్తూపం లేచింది 1891లో. దాన్ని కట్టించింది ఆ పిల్లవాడి వారసులే.